చెట్టు మీద మచ్చలకూ ఒక చరిత్ర ఉంది

పోస్టు కొంచెం పెద్దదే. మెస్‌లో అన్నం తిన్నాక తీరిగ్గా చదువుకోండి.

మేము బాపట్లలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. గదిలో నలుగురం. ఇద్దరం యానాదులం, ఒకడు ఎరుకల, ఒకడు సుగాలి. నలుగురి ఇళ్లల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఒకడిది తెనాలి పక్కన, ఇద్దరిది రేపల్లె వైపు, ఒకడిది బాపట్ల దగ్గరే. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడ్డాక మాలో ముగ్గురం ఈ జిల్లా వాళ్లమయ్యాం, తెనాలి వాడు గుంటూరు జిల్లాలోనే ఉండిపోయాడు.

మా హాస్టల్ వెనక కొబ్బరి చెట్లున్నాయి. వాటి మొదళ్ల మీద తెల్లగా, బూడిద రంగులో గుండ్రటి మచ్చలు. రూపాయి బిళ్లంతవి కొన్ని, అరచేయంతవి కొన్ని. రోజూ బట్టలు ఆరేసేది అక్కడే అయినా ఏనాడూ పట్టించుకోలేదు. సంక్రాంతి ముందు సున్నం కొట్టడానికి వచ్చిన పెద్దాయన "చెట్టుకు తెగులు పట్టింది, గీకెయ్యండి" అన్నాడు. మాలో ఒకడు ఇంటికి ఫోన్ చేసినప్పుడు వాళ్ల నాయనమ్మను అడిగాడు. "తెగులు కాదురా అబ్బాయ్, అది చెట్టు బూజు. చెట్టునేం చెయ్యదు. ఎండకి ఎండుద్ది, వానకి పచ్చబడుద్ది" అంది ఆమె. మర్నాడు కాలేజీలో వృక్షశాస్త్రం సార్‌ని అడిగితే "లైకెన్" అన్నారు. ఇంటర్లో రెండు మార్కుల కోసం బట్టీ పట్టిన మాట అది. లైకెన్లు వాయు కాలుష్య సూచికలు అని రాశాం, మార్కులు తెచ్చుకున్నాం, మర్చిపోయాం. అవి మా బట్టలు ఆరేసే చోటే ఉన్నాయని ఎవరూ చెప్పలేదు.

ఆ మాట విన్నాక మాలో రేపల్లె వైపు వాడికి ఇంకో సంగతి గుర్తొచ్చింది. వాళ్ల కాలనీ పక్కనే ఇటుక బట్టీ ఉంది. ఊక, కట్టె, బొగ్గు, ఏది చవగ్గా దొరికితే అది కాలుస్తారు. సీజన్లో పొగంతా కాలనీ మీదికే వస్తది. వాడి తమ్ముడికి రాత్రిళ్లు దగ్గు. పెద్దవాళ్లు కాగితం రాయించుకుని ఒక ఆఫీసుకు వెళ్తే, "గాలి పాడైందనడానికి ఆధారం ఏది?" అని అడిగారంట. వీళ్ల దగ్గర దగ్గు తప్ప ఆధారం లేదు. కాలనీలో సగం మందికి కూలి ఇచ్చేది కూడా ఆ బట్టీయే కాబట్టి గట్టిగా మాట్లాడలేక తిరిగొచ్చారు.

మరి చెట్టు మీద మచ్చ ఆధారం అవుతుందా? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని రెండు నెలలుగా లైబ్రరీలోనూ ఫోన్లోనూ దొరికినంత చదివాం. గాలి గురించి మొదలుపెడితే పేర్ల గురించి, మన గురించి కూడా తెలిసింది. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

అసలు లైకెన్ అంటే ఏంటి

లైకెన్ ఒక మొక్క కాదు. రెండు రకాల జీవులు కలిసి కట్టుకున్న ఒక కాపురం లాంటిది. ఒకటి శిలీంధ్రం, అంటే బూజు, పుట్టగొడుగుల జాతి. రెండోది శైవలం, అంటే చెరువులో పాచి జాతి. కొన్నిటిలో శైవలం బదులు సయనోబాక్టీరియా ఉంటుంది. శిలీంధ్రం ఇల్లు కడుతుంది, తడి పట్టి ఉంచుతుంది, ఎండ నుంచి కాపాడుతుంది. పాచి ఎండతో అన్నం వండుతుంది. విడిగా ఉంటే ఎండ మాడ్చే బండ మీద ఏదీ బతకలేదు, కలిస్తే బతుకుతాయి. చెట్టు రసం తాగవు, చెట్టును కేవలం నిలబడే చోటుగా వాడుకుంటాయి. నాయనమ్మ చెప్పిన రెండు మాటలూ నిజమే. చెట్టుకు హాని లేదు. తడి తగలగానే పై పొర కొంచెం పారదర్శకమై లోపలి పచ్చ బయటికి కనిపిస్తుంది.

వీటిలో మూడు ఆకారాలు ముఖ్యం. బెరడుకు రంగు పూసినట్టు అతుక్కునేవి పొర రకం. అంచులు లేచి ఆకుల్లా ఉండేవి ఆకు రకం. చిన్న పొదలా నిలబడేవి, గడ్డంలా వేలాడేవి పొద రకం. మా డెల్టాలో కనిపించేవి ఎక్కువగా పొర రకమే. చల్లదనం, తేమ ఉన్న మన్యం వైపు ఉండే మిత్రులకు మిగతా రెండూ ఎక్కువ కనిపిస్తాయి.

మీరు లైకెన్ తినే ఉంటారు. బిర్యానీ మసాలాలో నల్లగా, ఎండిన ఆకుముక్కలా ఉండే రాతి పువ్వు లైకెనే. హైదరాబాదులో పత్తర్ కా ఫూల్ అంటారు, ఆయుర్వేదంలో శైలేయం. పేరులో రాయి ఉన్నా, హిమాలయాల పాదాల్లోనూ పశ్చిమ కనుమల్లోనూ దాన్ని చెట్ల బెరడు మీద నుంచి కూడా ఏరతారు. కొట్లో తులం లెక్కన అమ్మే ఆ పువ్వు వెనక, కొండల్లో తిరిగి ఏరే ఎవరో ఒకరి కూలి ఉంటుంది.

పేరు పెట్టినవాళ్లు

జీవులన్నిటికీ రెండేసి పదాల పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరిచిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ మనకందరికీ పాఠంలో ఉన్నాడు. ఆయన లైకెన్లను మొక్కల లోకంలో కడు పేద పల్లెటూరి జనం అన్నాడు. వాటి మీద పెద్దగా శ్రద్ధ పెట్టలేదు. ఆయన దగ్గర చివరగా చదువుకున్న శిష్యుల్లో ఒకడైన ఎరిక్ అకారియస్ (1757-1819) ఆ పేదలనే ఎంచుకుని జీవితమంతా వాటికే ఇచ్చాడు. లైకెన్ల శాస్త్రానికి ఆయన్నే తండ్రి అంటారు. గురువు పక్కకు నెట్టినవాటిని శిష్యుడు శాస్త్రం చేశాడన్నమాట.

ఇది చదివినప్పుడు మా ఎరుకల మిత్రుడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మనకి కూడా అట్లాగే ఎవరో పేరు పెట్టారు కదా" అన్నాడు. బాపట్ల పక్కనే ఉన్న స్టూవర్టుపురం సంగతి మీకు తెలుసు. 1871లో ఇంగ్లీషు ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. పుట్టిన బిడ్డ కూడా పుట్టుకతోనే అనుమానితుడు. ఆ చట్టం కింద 1910ల్లో సాల్వేషన్ ఆర్మీ చేతుల మీదుగా ఎరుకల కుటుంబాలకు పెట్టిన సెటిల్‌మెంటు అది. ఊరికి పేరు కూడా మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ అనే అధికారిది. 1909లో థర్‌స్టన్ దక్షిణ భారతంలోని కులాలు, తెగల గురించి ఏడు సంపుటాలు వేశాడు. యానాదులూ ఎరుకలూ అందులో ఉన్నారు. మనుషుల తలలు, ముక్కులు కొలతలు వేసిన మనిషి ఆయన. చట్టం 1952లో పోయింది. పేరు మాత్రం సినిమాల్లో, వెటకారాల్లో ఇంకా ఉంది.

లైకెన్‌కీ మనిషికీ పోలిక పెట్టడం మా ఉద్దేశం కాదు. ఎవరు చూశారో, ఎక్కడ నిలబడి చూశారో దాన్ని బట్టి పేరు పుడుతుందనేది మాత్రం రెండు చోట్లా కనిపించింది.

యజమాని, బానిస, సహజీవనం

1867 వరకు లైకెన్ ఒకే జీవి అని అందరూ అనుకునేవారు. ఆ ఏడాది స్విట్జర్లాండ్‌కు చెందిన సైమన్ ష్వెండెనర్, ఒక రైతు కొడుకు, ఇది ఒకటి కాదు రెండు జీవులు అని ప్రకటించాడు. సూక్ష్మదర్శినిలో చూసి చెప్పాడు. పెద్ద పేరున్న లైకెన్ పండితులు ఎగతాళి చేశారు. ఇంగ్లండ్‌లో క్రాంబీ అనే ఆయన దీన్ని కట్టుకథలా వర్ణించి నవ్వాడు. పారిస్‌లో ఉన్న ఫిన్లాండ్ పండితుడు విలియం నైలాండర్ చివరిదాకా ఒప్పుకోలేదు. కానీ ష్వెండెనర్ చెప్పిందే నిలబడింది.

ష్వెండెనర్ కూడా ఒక పోలిక వాడాడు. శిలీంధ్రం యజమాని అంట, పాచి దాని బానిస అంట, యజమాని బానిసల్ని కట్టేసి పని చేయించుకుంటాడంట. తర్వాత 1877లో ఫ్రాంక్, 1878లో ఆంటన్ డి బారీ అనే జర్మన్ శాస్త్రవేత్తలు దీనికి వేరే మాట ఇచ్చారు. అదే మనం సహజీవనం అని చదువుకునే మాట. వేర్వేరు జాతుల జీవులు కలిసి బతకడం అని అర్థం.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. మన పుస్తకాల్లో సహజీవనం అంటే ఇద్దరికీ లాభం అని రాస్తారు. డి బారీ అలా అనలేదు. ఆయన లెక్కలో పరాన్నజీవి బతుకు కూడా కలిసి బతకడంలో భాగమే. అంటే కలిసి ఉన్నారని చెప్తే సరిపోదు, ఎవరికి ఎంత అందుతుందో కూడా చూడాలి.

ఇది మాకు వెంటనే అర్థమైంది, ఎందుకంటే డెల్టాలో వరి రైతుకూ యానాదికీ మధ్య ఉన్నదీ సహజీవనమే. చేలో ఎలుకలు పడితే రైతు మన వాళ్లనే పిలుస్తాడు. కలుగు ముందు కుండలో గడ్డి రాజేసి పొగ ఊదడం, గట్టు మీద బుట్టలు పెట్టడం మన తాతల చేతి విద్య. పంట రైతుకు మిగులుద్ది. కూలీ, ఎలుక దాచిన కంకులూ మనకు. మనం లేకపోతే పంటకు దెబ్బ. కానీ గట్టు ఎవరిది? చేను ఎవరిది? పొగ ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోయింది? ఈ ప్రశ్నలు అడగకుండా అందరం కలిసి బతుకుతున్నాం అంటే అది సగం మాటే.

లిట్మస్ కాగితం నుంచి వాల్తేరు దాకా

ల్యాబ్‌లో మనమంతా వాడిన లిట్మస్ కాగితం రంగు లైకెన్ల నుంచి వచ్చిందే. రొసెల్లా అనే జాతి లైకెన్ల నుంచి ఆ రంగు తీసేవారు. ఆమ్లంలో ఎరుపు, క్షారంలో నీలం చూపించే ఆ కాగితాన్ని మనం ఎన్నిసార్లు ముంచామో లెక్కలేదు.

ఆ జాతిలోదే రొసెల్లా మోంటాగ్నీ మన తూర్పు తీరంలో చెట్ల మీద పెరుగుతుంది. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం రసాయన శాస్త్ర విభాగంలో పనిచేసిన టి.ఆర్. శేషాద్రి, ఆయన శిష్యులు 1940ల మొదట్లో భారతదేశపు లైకెన్ల రసాయనాల మీద వరసగా పరిశోధన వ్యాసాలు రాశారు. అందులో ఈ రొసెల్లా ఒకటి. దాన్నుంచి తీసిన ఒక పదార్థానికి ఆ లైకెన్ పేరు మీదే మోంటాగ్నెటాల్ అని పేరు వచ్చింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ యుద్ధకాలంలో విశ్వవిద్యాలయాన్ని కొంతకాలం గుంటూరుకు మార్చారు. శేషాద్రి 1949లో ఢిల్లీ వెళ్లి అక్కడా లైకెన్ల పని సాగించారు, తర్వాత రాయల్ సొసైటీ సభ్యులు కూడా అయ్యారు.

మేము చదువుకున్న సైన్సంతా ఎక్కడో మంచు దేశాల్లో జరిగింది అనుకునేవాళ్లం. మన రాష్ట్రంలోనే, మన తీరపు చెట్ల మీది జీవుల మీద 80 ఏళ్ల క్రితమే పని జరిగిందని తెలిసి ఆశ్చర్యపోయాం.

పారిస్ తోటలో చూసినది

ఇప్పుడు గాలి దగ్గరికి వద్దాం. ష్వెండెనర్‌ని ఒప్పుకోని నైలాండర్ ఉన్నాడే, ఆయనే 1866లో ఇంకో గొప్ప సంగతి చెప్పాడు. పారిస్ నగరం మధ్యలో లక్సంబర్గ్ తోట ఉంది. ఊళ్లో వేరే చోట కనిపించని లైకెన్లు ఆ తోట చెట్ల మీద ఉన్నాయని చూశాడు. నగరపు పొగే కారణమని, లైకెన్లు గాలి మంచిచెడ్డలు కొలిచే సాధనాలని రాశాడు. తర్వాతి దశాబ్దాల్లో బొగ్గు పొగ పెరిగి ఆ తోటలోంచి కూడా లైకెన్లు పోయాయి. ఒక విషయంలో తప్పు పట్టుదల చూపిన మనిషే ఇంకో విషయంలో అందరికంటే ముందు నిజం చూశాడు.

ఎందుకు పోతాయంటే, లైకెన్‌కు వేర్లు లేవు. ఆకు మీద ఉండే మైనం లాంటి పొర కూడా లేదు. తిండీ నీళ్లూ అన్నీ వాన నుంచి, మంచు నుంచి, ధూళి నుంచి ఒంటితోనే పీల్చుకోవాలి. చెట్టయితే పాడైన ఆకు రాల్చేస్తుంది, లైకెన్‌కు రాల్చడానికి ఆకులు లేవు. గంధకం ఉన్న బొగ్గు కాలిస్తే వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ తడిలో కరిగి లోపలికి పోతుంది, పాచిలోని పత్రహరితాన్ని పాడుచేస్తుంది. వంట చేసే జీవి చస్తే ఇల్లు కట్టిన జీవి కూడా నిలవదు. ముందు పొద రకం పోతుంది, తర్వాత ఆకు రకం, ఆఖరున పొర రకం.

1970లో ఇంగ్లండ్‌లో హాక్స్‌వర్త్, రోజ్ అనే ఇద్దరు, చెట్టు మీద ఏ లైకెన్లు ఉన్నాయో చూసి గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ ఎంత ఉందో అంచనా కట్టే కొలబద్ద ఒకటి తయారుచేసి నేచర్ పత్రికలో వేశారు. ఖరీదైన మిషన్ లేకుండా, చెట్టు దగ్గర నిలబడి చూసే పద్ధతి అది. తర్వాత యూరప్‌లో బొగ్గు పొగ తగ్గాక లైకెన్లు మళ్లీ వచ్చాయి, పారిస్ తోటలోకి కూడా. ఇప్పుడు అక్కడ సమస్య అమ్మోనియా. పశువుల షెడ్ల నుంచి, ఎరువుల నుంచి లేచే అమ్మోనియా ఎక్కువైన చోట దాన్ని తట్టుకునే పసుపు రంగు లైకెన్లు పెరుగుతాయి, మిగతావి తగ్గుతాయి. కాబట్టి లైకెన్ ఉంటే గాలి మంచిది అని గుడ్డిగా చెప్పలేం. ఏ లైకెన్ అన్నది చూడాలి. బస్తాల కొద్దీ యూరియా చల్లే మా డెల్టాలో ఈ మాట మరీ గుర్తుపెట్టుకోవాలి.

సామీల రెయిన్‌డీర్లు

ఈ భాగం మన గ్రూపు కోసం ప్రత్యేకంగా రాస్తున్నాం. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యాల ఉత్తర కొసన సామీ అనే ఆదివాసీలు ఉన్నారు. వాళ్లలో కొందరు రెయిన్‌డీర్ల మందలు కాసుకుని బతుకుతారు. చలికాలంలో మంచు తవ్వి ఆ జంతువులు తినేది నేల మీది లైకెన్లనే.

1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ అణు కేంద్రం పేలింది. గాలిలో కొట్టుకొచ్చిన సీజియం వానతో కలిసి అంత దూరంలో ఉన్న లైకెన్ల మీద పడింది. అన్నీ ఒంటితో పీల్చుకుంటాయని చెప్పుకున్నాం కదా, దాన్నీ పీల్చుకున్నాయి. లైకెన్ నుంచి రెయిన్‌డీర్‌కి, రెయిన్‌డీర్ నుంచి మనిషికి. వేల జంతువుల మాంసం పారేయాల్సి వచ్చింది. నార్వే ప్రభుత్వం అదే ఏడాది రెయిన్‌డీర్ మాంసంలో అనుమతించే సీజియం పరిమితిని కిలోకు 600 బెకరెల్ నుంచి 6,000కు పెంచింది, లేకపోతే వాళ్ల బతుకుతెరువే పోయేది. సీజియం 137 సగానికి తగ్గడానికే దాదాపు 30 ఏళ్లు.

కరెంటు వాడుకున్నది ఒకరు, పేలింది ఇంకో దేశంలో, తిండి పాడైంది సామీలది. లైకెన్ ఆ సంగతిని తన ఒంట్లో రాసిపెట్టుకుంది కాబట్టే కొలవగలిగారు.

తినేవాళ్లకు ముందే తెలుసు

ఇంకో సముద్రం అవతల, ఉత్తర అమెరికా పడమటి కొండల్లో చెట్లకు నల్లటి జుట్టులా వేలాడే లైకెన్ ఒకటి ఉంది. సెక్వెప్మెక్ ఆదివాసీలు దాన్ని వీలా అంటారు. నేలలో గొయ్యి తీసి, కాల్చిన రాళ్ల మధ్య పెట్టి ఉడికించి తినేవారు. దానికి తోబుట్టువులా కనిపించే ఇంకో లైకెన్ పసుపు ఛాయలో ఉంటుంది, అందులో విషం ఉంటుంది.

శాస్త్రవేత్తలు రెండిటి శిలీంధ్రాన్నీ పాచినీ జన్యువుల స్థాయిలో పోల్చి చూస్తే తేడా దొరకలేదు. మరి ఒకటి తిండి, ఒకటి విషం ఎలా అయింది? టోబీ స్ప్రిబిల్ అనే పరిశోధకుడు దీని మీద కూర్చున్నాడు. ఆయన అమెరికాలో మోంటానాలోని ఒక ట్రైలర్ ఇళ్ల వాడలో పెరిగాడు, బడికి వెళ్లి చదువుకున్నవాడు కాదు, తర్వాత జర్మనీలో విశ్వవిద్యాలయంలో చేరాడు. 2016లో ఆయన బృందం సైన్స్ పత్రికలో బయటపెట్టింది ఏంటంటే, ఈ లైకెన్ల పై పొరలో మూడో జీవి ఉంది. అది ఒక రకం ఈస్ట్. విషం ఉన్నదానిలో అది బాగా ఎక్కువ. ష్వెండెనర్ తర్వాత దాదాపు 150 ఏళ్లు రెండే అని పాఠం చెప్పారు. మూడోదాన్ని ఎవరూ చూడలేదు.

కథ అక్కడితో ఆగలేదు. 2019లో అమెరికాలోనే ఇంకో బృందం 339 జాతుల లైకెన్లను పరీక్షించి, ఆ ఈస్ట్ కొద్దిటిలోనే ఉందని, అన్నిటికీ తప్పనిసరి కాదని చెప్పింది. 2020లో హాక్స్‌వర్త్, గ్రూబె అనే ఇద్దరు, లైకెన్‌ను ఇద్దరి కాపురంగా కాక, ఎన్నో సూక్ష్మజీవులుండే చిన్న ఊరులా చూడాలని రాశారు. ఇంకా వాదన నడుస్తోంది. సైన్సు అంటే బట్టీ పట్టే రెండు మార్కుల జవాబు కాదని మాకు అర్థమైంది ఇక్కడే.

ఏది తినాలో ఏది తినకూడదో వీలా ఏరే ఆడవాళ్లకు ముందే తెలుసు. ఎందుకన్నది చెప్పడానికి సైన్సు వచ్చింది. రెండూ కావాలి. మన నాయనమ్మ మాటా కావాలి, సూక్ష్మదర్శినీ కావాలి.

మన దేశంలో, మన రాష్ట్రంలో

భారత లైకెన్ల శాస్త్రానికి పెద్ద దిక్కు లక్నో విశ్వవిద్యాలయంలో పనిచేసిన ధరణీధర్ అవస్థి (1922-2011). ఆయన సేకరించిన నమూనాలు, ఆయన తయారుచేసిన మనుషులు లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థకు బలం. దేశంలో రెండు వేలకు పైగా లైకెన్ జాతులు నమోదయ్యాయి. బెంగళూరు లాల్‌బాగ్ తోట లైకెన్లలో లోహాలు ఎంత చేరాయో చూసి ఆ సంస్థ వాళ్లు 2003లో కరెంట్ సైన్స్ పత్రికలో రాశారు. 2005లో కోల్‌కతా మీద రాసిన వ్యాసం ఆ ఊళ్లో ఇంకా లైకెన్లు పెరుగుతున్నాయా అనే ప్రశ్నతో మొదలవుతుంది. కుర్జ్ అనే ఆయన బెంగాల్లో సేకరించిన పాత లైకెన్లకు పేర్లు పెట్టింది పారిస్ నైలాండరే.

మన రాష్ట్రంలో కడప యోగి వేమన విశ్వవిద్యాలయం వృక్షశాస్త్రం వాళ్లు తూర్పు కనుమల్లో లైకెన్లు వెతికి కొత్తగా చాలా నమోదు చేశారు. 2013లో కరెంట్ సైన్స్‌లో వచ్చిన ఒక వ్యాసం తూర్పు కనుమల లైకెన్ సంపద ఇంకా వెతకనే లేదని చెప్పింది. ఆ కనుమలు ఎవరి ఊళ్లో మీకు చెప్పక్కర్లేదు. అక్కడ పుట్టిన పిల్లలే ఆ పని చెయ్యొచ్చు.

మేము చూసింది

ఇక మా సంగతి. యూరప్‌లో వాడే పద్ధతి ఒకటి చదివాం. పది సెంటీమీటర్ల గళ్లు ఐదు, ఒకదాని మీద ఒకటి నిచ్చెనలా ఉండే చట్రం. నేల నుంచి మీటరు ఎత్తున చెట్టుకు నాలుగు దిక్కులా పెట్టి, ఏ గడిలో ఏ లైకెన్ ఉందో రాసుకోవాలి. చట్రం కొనే డబ్బు లేదు. మా ఎరుకల మిత్రుడి అమ్మ బుట్టలు అల్లుతుంది. వెదురు బద్దలు సన్నగా చీల్చి, దారంతో గళ్లు కట్టి అరగంటలో ఇచ్చింది. కొలత ఎక్కడా తేడా రాలేదు.

బాపట్లలో హాస్టల్ చెట్లు చూశాం, సూర్యలంక రోడ్డులో కొబ్బరి చెట్లు చూశాం. భావనారాయణ స్వామి గుడి వైపు పాత రాళ్ల మీద కూడా మచ్చలు ఉన్నాయి, వాటిని ముట్టుకోలేదు. తెనాలిలో స్టేషన్ దగ్గర రోడ్డు చెట్ల మీద దుమ్ము తప్ప పెద్దగా ఏం కనపడలేదు, కాలవ గట్టు మీదికి వెళ్తే మళ్లీ కనిపించాయి. తెనాలి నుంచి రేపల్లె ప్యాసింజర్ ఎక్కాం. గుంటూరు నుంచి రేపల్లె దాకా ఆ లైను 1916లో వేసింది, బొగ్గు ఇంజన్ల కాలంలో. ఈ పట్టాల పక్కన అప్పటి చెట్ల మీద ఏముండేదో అని బండిలో మాట్లాడుకున్నాం.

రేపల్లె వైపు మిత్రుడి కాలనీలో బట్టీకి దగ్గరగా ఐదు కొబ్బరి చెట్లు, దూరంగా కాలవ అవతల ఐదు చెట్లు తీసుకున్నాం. దూరం చెట్ల మీద మచ్చలు గుండ్రంగా, అంచులు తెల్లగా, ఆరోగ్యంగా ఉన్నాయి. దగ్గర చెట్ల మీద బెరడు దాదాపు బోడిగా ఉంది, ఉన్న కొన్ని మచ్చలు మధ్యలో రాలిపోయి గోధుమ రంగుకు తిరిగాయి. మా సార్ ఫొటోలు చూసి, మైదానాల్లో ఎక్కువగా కనిపించే పిక్సినె జాతి కావచ్చు, రసాయన పరీక్ష చేస్తేగానీ గట్టిగా చెప్పలేం అన్నారు. పిక్సినె కోకోయెస్ అనే జాతికి ఆ పేరు కొబ్బరి మీద నుంచే వచ్చింది. లక్నో వాళ్లు గాలిలో లోహాలు కొలవడానికి వాడింది కూడా దాన్నే.

ఇది చాలా? చాలదు. పది చెట్లు చూసి తీర్పు చెప్పకూడదు. దగ్గర చెట్ల పక్కనే లారీల రోడ్డు ఉంది, దుమ్ము కూడా కారణం కావచ్చు. నీడ, చెట్టు వయసు, సున్నం, అన్నీ చూడాలి. ఇంగ్లండ్ కొలబద్ద తెచ్చి ఇక్కడ పెడితే కుదరదు, మన ఎండకు మన జాతులు వేరు. కానీ ఇప్పుడు మా దగ్గర దగ్గు కాక ఇంకోటి కూడా ఉంది. తేదీ వేసిన ఫొటోలు, చెట్ల పటం, గళ్ల లెక్క. తీర్పుకు చాలకపోయినా, మిషన్ తెచ్చి ఇక్కడ పెట్టి కొలవండి అని అడగడానికి చాలు. మళ్లీ కాగితం రాస్తున్నాం. ఈసారి రాయించుకోవడం లేదు, మేమే రాస్తున్నాం. బట్టీ మూసెయ్యమని అడగడం లేదు. ఏం కాలుస్తున్నారో చూడమని, పొగగొట్టం సరిచెయ్యమని, పిల్లలను డాక్టరుకు చూపించమని అడుగుతున్నాం. ఆ కూలి మన వాళ్లకు ఎంత అవసరమో మాకు తెలుసు.

గ్రూపు వాళ్లకు మూడు మాటలు

ఒకటి, లైకెన్‌ను గీకొద్దు. కొన్ని ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతాయి, రాళ్ల మీద కొన్ని మిల్లీమీటరు కూడా పెరగవు. మీరు ఒక్క నిమిషంలో గీకేది మీ తాత చిన్నప్పటి నుంచి పెరిగింది కావచ్చు. ఫొటో చాలు.

రెండు, ఏడాదికోసారి అదే చెట్టు, అదే దిక్కు, అదే ఎత్తులో ఫొటో తీసి దాచండి. పక్కన ఒక స్కేలు పెట్టండి. మీ ఊళ్లో క్వారీ, బట్టీ, ఫ్యాక్టరీ ఏదైనా రాబోతుంటే అది రాకముందే మొదలుపెట్టండి. ముందు ఎలా ఉండేదో రాసి ఉంచినవాళ్లకే తర్వాత అడిగే నోరు ఉంటుంది.

మూడు, మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఎరుకల భాషలో, లంబాడీ భాషలో, కోయ, కువి, సవర భాషల్లో దీన్ని ఏమంటారు? దేనికి వాడేవారు? ఏది ముట్టుకోవద్దనేవారు? తెలిసింది ఇక్కడ రాయండి, చెప్పినవాళ్ల ఊరు కూడా రాయండి. తెలుగు పాఠ్యపుస్తకంలో దీనికి ఇంగ్లీషు పేరు తప్ప వాడుక పేరు లేదు. మా నాయనమ్మ ఇచ్చిన చెట్టు బూజు ఒకటి మా నోట్‌బుక్కులో మొదటి పేజీలో ఉంది. రెండో పేజీ మీ కోసం ఖాళీగా ఉంచాం.

సున్నం పెద్దాయనకు కూడా చెప్పాం. నవ్వాడు గానీ, మా హాస్టల్ కొబ్బరి చెట్లను మాత్రం వదిలేశాడు.